ఎముక అతకడం వేరు, ఆట తిరిగి రావడం వేరు

2023 జనవరిలో మలేసియా ఓపెన్ తొలి రౌండ్‌లోనే పి.వి. సింధు స్పెయిన్ క్రీడాకారిణి కరోలినా మారిన్ చేతిలో ఓడిపోయింది. మరునాడు పరకాల బస్టాండు దగ్గర టీ తాగుతుండగా పక్క బల్ల మీది మాటలు వినిపించాయి. "ఇగ సింధు పని అయిపోయింది" అన్నారొకరు. "దెబ్బ తగిలి ఐదు నెలలాయె, ఇంకా గెలువకపోతే ఎట్ల?" అన్నారు మరొకరు. ఆ మాటల్లో ఉన్నది అభిమానమే. అయితే దాని వెనుక శరీరధర్మం గురించిన ఒక అపోహ కూడా ఉన్నది. అది మనందరిలోనూ ఉన్నది.

2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో సింధు నొప్పితోనే ఆడి స్వర్ణపతకం సాధించింది. ఆ వెంటనే ఎడమ కాలిలో స్ట్రెస్ ఫ్రాక్చర్ ఉన్నట్లు తేలి, ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు దూరమైంది. ఇది ఒక్కసారిగా పడినందువల్ల విరిగే ఎముక కాదు. మన ఎముకలో పాతదానిని తొలిచే కణాలు, కొత్తదానిని కట్టే కణాలు నిరంతరం పనిచేస్తుంటాయి. తొలచడం వారాల్లో జరిగితే, కట్టడానికి నెలలు కావాలి. విశ్రాంతి లేకుండా ఒకేచోట భారం పడితే కట్టుబడి వెనుకబడి, సన్నని పగులు ఏర్పడుతుంది.

ఈ పగులు మానడానికి సాధారణంగా ఆరు నుండి ఎనిమిది వారాలు, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. అభిమాని లెక్క ఇక్కడితో ముగుస్తుంది. క్రీడాకారిణి లెక్క ఇక్కడే మొదలవుతుంది. వాడకంలో లేని కండరం సన్నబడుతుంది. గుండె, ఊపిరితిత్తుల దమ్ము కొద్ది వారాల్లోనే తగ్గుతుంది. పాదం ఎక్కడ, ఎంత వాలుగా పడుతున్నదో మెదడుకు తెలిపే సూక్ష్మజ్ఞానం మొద్దుబారుతుంది. వీటన్నిటికంటే ఆలస్యంగా తగ్గేది భయం. ఎక్స్‌రేలో కనిపించనిది కూడా అదే.

తరువాత జరిగినదేమిటి? 2023 అక్టోబరులో మోకాలి గాయం ఆమెను మళ్ళీ ఆటకు దూరం చేసింది. 2024 ఫిబ్రవరిలో తిరిగి వచ్చి, ఆసియా టీమ్ ఛాంపియన్‌షిప్‌లో మన మహిళా జట్టు తొలిసారి స్వర్ణం గెలిచినప్పుడు జట్టులో నిలిచింది. బర్మింగ్‌హామ్ తరువాత వ్యక్తిగత టైటిల్ మాత్రం 2024 డిసెంబరులో లక్నోలోనే దక్కింది. అంటే రెండేళ్లకు పైగా పట్టింది. కొలంబియా సైక్లిస్టు ఎగాన్ బెర్నాల్ కథ కూడా ఇటువంటిదే. 2019 టూర్ డి ఫ్రాన్స్ విజేత అయిన ఆయన 2022 జనవరిలో సాధన చేస్తూ, ఆగి ఉన్న బస్సును ఢీకొని తీవ్రంగా గాయపడ్డాడు. 2023లో అదే టూర్‌కు తిరిగి వచ్చి 36వ స్థానంలో నిలిచాడు. ఇక అయిపోయిందనుకున్నారు. 2025లో ఇటలీ టూర్‌లో 7వ స్థానం సాధించి, స్పెయిన్ టూర్‌లో ఒక దశ గెలిచాడు.

ఈ విషయంలో నేను కూడా తప్పు చేశాను. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో, తాటిచెట్టు మీది నుండి పడి మోకాలి కింది ఎముక విరిగిన ఒక గీత కార్మికుడికి కట్టు విప్పి, "ఎముక అతికింది" అని చెప్పి పంపాను. అంతకుమించి చెప్పలేదు. కల్లు సీజను నడుస్తున్నది. "డాక్టరే నయమైందన్నడు, ఇంక ఇంట్ల కూర్చునుడేంది?" అని అందరూ అన్నారట. కాలికి బలం రాకముందే మోకు వేసుకొని చెట్టెక్కాడు. మళ్ళీ పడ్డాడు. ఆ తరువాత ఆయన చెట్టెక్కలేదు. నేను అనవలసిన మాట "అతికింది, కానీ ఇంకా సిద్ధం కాలేదు" అని.

తిరిగి వచ్చిన ప్రతి విజేతా పూర్వస్థితికి చేరుతారని నేను అనను. వయసు ఆగదు, ప్రత్యర్థులూ ఆగరు. బాగా ఆడకపోతే విమర్శించే హక్కు అభిమానికి ఉన్నది. కానీ తొలి పోటీలోనే తీర్పు చెప్పకూడదు. ఆ తొందర క్రీడాకారుల చెవిన పడుతుంది, నొప్పిని దాచుకొని ఆడేలా చేస్తుంది. మన ఇంట్లో కట్టు విప్పుకున్న మనిషి విషయంలోనూ అంతే. "ఎప్పుడు పనికి పోతవు?" అనే ముందు "ఇప్పుడు ఎంత దూరం నడవగలుగుతున్నవు?" అని అడుగుదాం.