మూగవోయిన యంత్రములు

నల్లగొండ చెంత పానగల్లునందును, తుంగభద్రా తీరపు అలంపురమునందును పురావస్తు ప్రదర్శనశాలలు కలవు. చాళుక్యులనాటి శిల్పములకు, శాసన శిలలకు నీడ దొరకినది, సంతోషము. కాని నిన్నమొన్నటి వరకు ఈ సీమల సుఖదుఃఖములను మోసిన టెలిఫోను యంత్రముల గతి యేమి? వాడుక తీరినంతనే ఎక్స్ఛేంజి సామగ్రి ఇనుము, రాగి ధరలకు తూకమునకు పోవుటయే మన యాచారమైనది.

1882 జనవరి 28న కలకత్తా, బొంబాయి, మద్రాసులందు ఎక్స్ఛేంజీలు తెరువబడినవి. ఆనాటి పద్ధతిలో పిడి త్రిప్పిన ఆపరేటరు బల్లపై చిన్న రేకు పడెడిది. అతడు త్రాటి కొనను రంధ్రమున గ్రుచ్చి ఇరువురను కలిపెడివాడు. ఊరి రహస్యములలో అతనికి తెలియనివి కొన్నియే! 1891లో అమెరికాయందు ఆల్మన్ స్ట్రౌజరు అను ఉత్తరక్రియల వ్యాపారి ఈ మధ్యవర్తిని తొలగించు యంత్రమునకు పేటెంటు పొందెను. తనకు రావలసిన గిరాకిని ఆపరేటరు ప్రత్యర్థికి మరలించుచున్నదను అనుమానమే దానికి మూలమందురు. డయలుపై నాలుగు త్రిప్పినచో విద్యుత్ప్రవాహము నాలుగు మారులు తెగి, ఎక్స్ఛేంజిలోని కడ్డీ నాలుగు మెట్లెక్కును. ఇది కంటికి కనబడు గణితము. నేటి చేతిఫోనును విప్పి చూపినను బాలునకు బోధపడదు; ఇది బోధపడును.

యంత్రముకంటె దానిని పట్టుకొన్న చేతుల కథ పెద్దది. బొంబాయి, పూనాలకు వలసపోయిన పాలమూరు కూలీ మాట్లాడవలెనన్న, ఊరిలోని పసుపుపచ్చ ఎస్.టి.డి. బూతునకు ఫోను చేసెడివాడు. బూతువాడు కుర్రవానిని పంపి తల్లిని పిలిపించెడివాడు. ఆవల కొడుకునకు మీటరు తిరుగుచున్నదని ఆ తల్లి కన్నీటిని సయితము త్వరపెట్టుకొనెడిది. ఆ మీటరు నేడెచ్చటనున్నది?

స్వదేశ ప్రజ్ఞకు సాక్ష్యమైన వస్తువును సయితము మనము మరచితిమి. 1984లో స్థాపితమైన సి-డాట్ సంస్థ ఎండకు, దుమ్మునకు తాళునదియు, శీతలయంత్ర మక్కరలేనిదియునగు గ్రామీణ ఎక్స్ఛేంజిని నిర్మించెను. పల్లెకు టెలిఫోను చేరుటలో దాని పాత్ర చిన్నది కాదు. లండను సైన్సు మ్యూజియమువారు 1960లో మూతపడిన ఎన్‌ఫీల్డు ఎక్స్ఛేంజి బల్లను భద్రపరచి, 2014లో తెరచిన శాలయందు నిలిపిరి. మనకు అంతటి భవనము వలదు. జిల్లా కేంద్రమున ఒక్క గది చాలును. ఒక పిడి ఫోను, ఒక డయలు ఫోను, ఒక స్ట్రౌజరు చట్రము, ఒక సి-డాట్ పెట్టె, ఒక బూతు పలక.

ఆ చట్రము చప్పుడు విని దోషము చెప్పగలిగిన లైన్‌మనులు, ఆపరేటర్లు ఉద్యోగ విరమణ చేసి యిండ్లనున్నారు. అధికారులు మొదట వారినే పిలిచి అడుగవలెను. అదియు ఈ సంవత్సరముననే జరుగవలెను.