కారం అద్దిన చేతులు మనవే

సింగరాయకొండ చుట్టుపక్కల కుక్క కరిచిందనగానే మనం కుళాయి దగ్గరికి పోం, కారం డబ్బా వెతుకుతాం. కారమో సున్నమో గాయానికి అద్ది, పసరు తాగించి, పథ్యం చెప్పి పిల్లాణ్ణి పడుకోబెడతాం. ఇంకాస్త తెలిసినవాళ్లమైతే ఆర్‌ఎంపీ దగ్గర టీటీ ఇంజెక్షన్ చేయించి, గండం గడిచిందనుకుంటాం. టీటీ ధనుర్వాతాన్ని ఆపుతుంది. రేబిస్‌కు అది మందే కాదు. సబ్బు రుద్ది, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగితే వైరస్ చాలావరకు పోతుంది. కారం పుండును రేపుతుంది. ఇంట్లో ఉన్న సబ్బుబిళ్లను మనం నమ్మలేదు.

శాస్త్రవేత్త పాశ్చర్ 1885లోనే రేబిస్ టీకాతో ఓ తొమ్మిదేళ్ల పిల్లాణ్ణి కాపాడాడు. ఇప్పుడది మన హైదరాబాదులోనే తయారవుతోంది. బొడ్డు చుట్టూ 14 సూదుల కాలం ఎప్పుడో పోయింది. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజున, ఆ తర్వాత 3, 7, 28 రోజులకు వేస్తారు. అయినా పిల్లలకు ఆ పాత భయాన్నే నూరిపోశాం. కుక్క జోలికెందుకు పోయావని వీపు వాయగొట్టాం. వాళ్లు కరిచిన సంగతే దాచడం నేర్చుకున్నారు.

మిరపకోతల్లో కూలి పోతుందని మూడో సూది ఎగ్గొట్టింది మనమే. ‘కుక్క బాగానే తిరుగుతోందిగా’ అని సర్దిచెప్పుకున్నదీ మనమే. కుక్కను పది రోజులు కనిపెట్టమన్నారు నిజమే, టీకా మొదలుపెట్టాక. రక్తం కారేలా కరిస్తే గాయంలోకి ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఎక్కించాలి. టీకా పనిచేయడం మొదలయ్యేదాకా అదే రక్ష. ఆ మందు దగ్గర్లో ఎక్కడ దొరుకుతుందో గ్రామసభలో ఏనాడైనా అడిగామా? సిమెంటు రోడ్లు అడిగాం, వీధి దీపాలు అడిగాం. కోడి వ్యర్థాలు రోడ్ల పక్కన పోసి కుక్కల్ని మేపాం. నూటికి 70 కుక్కలకు ఏటా టీకా పడితే ఊళ్లో ఈ జబ్బు నిలవదని తెలిసీ ఒక్కదానికీ వేయించలేదు.

నీళ్లు చూస్తే గొంతు పట్టేసే దశ వచ్చాక ఒంగోలు తీసుకెళ్లినా, చెన్నై తీసుకెళ్లినా బతికించే వైద్యం లేదు. అప్పుడు తలరాత అని ఏడుస్తాం. ఆ చావుకు బాధ్యులం మనమే.

ఈ రాత్రి మీ పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పండి: కుక్క కరిచినా, గీరినా కొట్టం, వెంటనే చెప్పమని. కరిచి రోజులు గడిచినా సరే, రేపు పొద్దున్నే ఆసుపత్రికి తీసుకెళ్లండి.