పదిమంది భోజనం, ఒక్కరి మాత్ర

నుమాయిష్ మాసం వచ్చిందంటే హైదరాబాదులో ప్రతి కాలనీలోనూ, ప్రతి కార్యాలయంలోనూ ఒక చర్చ మొదలవుతుంది. పదిమంది కలిసి సాయంత్రం నాంపల్లి వెళ్ళాలన్నది క్షణంలో తేలిపోతుంది. లోపలికి వెళ్ళేముందు ఎక్కడ తినాలన్నది మాత్రం మూడు రోజులైనా తెగదు. ఒకరు బిర్యానీ అంటారు. మరొకరు టిఫిన్ చాలునంటారు. ఇంకొకరు సెల్‌ఫోన్ తీసి ఏ హోటలుకు ఎన్ని నక్షత్రాలున్నాయో చదివి వినిపిస్తారు. చివరకు గొంతు పెద్దదైన వారి మాట నెగ్గుతుంది, మొహమాటస్తులు తల ఊపుతారు.

ఈ పద్ధతి సరియైనది కాదని నా అభిప్రాయం. బృందంగా భోజనానికి వెళ్ళేటప్పుడు రుచి, పేరు, ధర అనే మూడింటికంటె ముందు అడగవలసిన ప్రశ్న ఒకటున్నది. మనలో ఎవరు ఎన్ని గంటలకు తిని తీరాలి?

ఇది అతి జాగ్రత్త అని కొందరికి తోచవచ్చు. 2023లో ప్రచురితమైన ఐ.సి.ఎం.ఆర్.-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం మన దేశంలో వయోజనులలో 11.4 శాతం మందికి మధుమేహం, 35.5 శాతం మందికి అధిక రక్తపోటు ఉన్నాయి. అంటే పదిమంది పెద్దలు బయలుదేరితే సగటున ఒకరు మధుమేహులు, ముగ్గురు నలుగురు రక్తపోటు ఉన్నవారు. నడివయసు దాటినవారి బృందమైతే ఈ సంఖ్య ఇంకా పెరుగుతుంది. కనుక ఆ ఒక్కరు ఎక్కడో లేరు, మీ బల్ల దగ్గరే కూర్చుని ఉన్నారు.

మధుమేహానికి వాడే మందులన్నీ ఒకే రకమైనవి కావు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి భోజనం కొంత ఆలస్యమైనా సాధారణంగా ప్రమాదం లేదు. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ మాత్రం ఆహారం వచ్చినదా లేదా అని చూడవు. వాటి పని అవి చేసుకుపోతాయి. మందు లోపలికి వెళ్ళి, అన్నం వెళ్ళకపోతే రక్తంలో చక్కెర పడిపోతుంది. దానికి తోడు నుమాయిష్ అంటే నడక. దుకాణం వెంట దుకాణం తిరుగుతూ రెండు మూడు గంటలు నడిస్తే కండరాలు మరింత చక్కెరను వాడుకుంటాయి. ఇంట్లో ఏ ఇబ్బందీ కలిగించని మాత్రయే అక్కడ ఇబ్బంది కలిగించడానికి కారణమిదే.

ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసిన కాలంలో ఇటువంటి వారిని అత్యవసర విభాగంలో పలుమార్లు చూశాను. అలా వచ్చిన ఒక పెద్దమనిషికి మాట తడబడుతున్నది, ఒళ్ళంతా చెమట పట్టింది, పిలిస్తే చికాకు పడుతున్నారు. వెంట వచ్చిన వారు చాటుగా నా చెవిలో, ‘ఎక్కడో కాస్త పుచ్చుకున్నట్టున్నారు డాక్టరుగారూ’ అన్నారు. ఆయన చుక్క కూడా ముట్టలేదు. రక్తంలో చక్కెర 40కి దిగువన ఉన్నది. గ్లూకోజ్ ఎక్కించిన కొద్దిసేపటికే లేచి కూర్చుని, మాత్ర వేసుకున్నాననీ, హోటలులో చోటు కోసం గంటకు పైగా నిలబడ్డామనీ చెప్పారు. అందరూ ఓపికగా నిలబడితే తానొక్కడే ఆకలి అనడం బాగుండదని ఊరుకున్నారట!

ఇక్కడ ఆయనకు కీడు చేసినది బిర్యానీ కాదు, నిరీక్షణ. నిరీక్షణను భరించేలా చేసినది మొహమాటం.

ఒక్కరి కోసం పదిమందీ పథ్యం తినాలా అని అడిగేవారుంటారు. అక్కర లేదు. బిర్యానీ తినేవారు తినవచ్చు. చోటు ఎన్నుకునేటప్పుడు మాత్రం కొన్ని విషయాలు చూడాలి. వెళ్ళిన పావుగంటలో కూర్చోగలమా? బిర్యానీతో పాటు ఇడ్లీయో, రొట్టె పప్పో, పెరుగన్నమో దొరుకుతుందా? మోకాళ్ళ నొప్పులవారు మేడ మెట్లు ఎక్కవలసి ఉంటుందా? శుభ్రమైన మరుగుదొడ్డి ఉన్నదా? నీరుడు మాత్రలు వేసుకునేవారికి, ప్రోస్టేట్ బాధ ఉన్న వృద్ధులకు ఈ చివరి ప్రశ్న చిన్నది కాదు. ఫోనులో కనిపించే నక్షత్రాలు వీటిలో చాలావాటికి సమాధానం చెప్పవు. హోటలుకు ఒక్కసారి ఫోన్ చేస్తే చెబుతారు.

ఇక పరిశుభ్రత అందరికీ సంబంధించిన విషయం. ప్రతి హోటలూ తన 14 అంకెల ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. సంఖ్యను కనిపించేలా పెట్టాలి. వేడి పదార్థం 60 డిగ్రీల సెల్సియస్‌కు పైన వేడిగానే ఉండాలి. వండి గంటల తరబడి బయట ఉంచిన అన్నంలో పెరిగే ఒక రకం సూక్ష్మజీవి విడుదల చేసే విషం మళ్ళీ వేడి చేసినా పోదు. పచ్చిగుడ్డు మయొనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరులో ఏడాదిపాటు నిషేధించిన సంగతి గుర్తుండే ఉంటుంది. నిషేధం మాట ఎలా ఉన్నా గర్భిణులు, పసిపిల్లలు, వృద్ధులు దానిని ఎప్పుడూ ముట్టకపోవడమే మేలు.

బృందాన్ని నడిపించేవారికి నా విన్నపం ఇది. అందరి ముందు ‘ఎవరికి షుగర్ ఉంది?’ అని అడగవద్దు. ఒక్కొక్కరితో విడిగా, ‘మీరు మామూలుగా ఎన్నింటికి తింటారు? పడనిది ఏమైనా ఉందా?’ అని అడిగితే చాలును. వేరుసెనగ, రొయ్యల వంటివి పడనివారు కూడా అప్పుడే చెబుతారు. రాత్రి పది దాటాక తిరిగి వస్తూ తినడం కంటె, ఏడు గంటలకే తిని లోపలికి వెళ్ళడం అందరికీ హాయి.

మధుమేహులకు కూడా ఒక మాట. భోజనానికి ముందు వేసుకునే మందును బయలుదేరేటప్పుడు వేసుకోవద్దు. హోటలులో కూర్చుని, ఆహారం వస్తున్నదని రూఢి అయిన తరువాతనే వేసుకోవాలి. మీ మందుకు సరిపడే వ్యవధిని మీ వైద్యుణ్ణి ముందే అడిగి ఉంచుకోండి. జేబులో గ్లూకోజ్ పొడి పొట్లం ఉంచుకోండి. వణుకు, చెమట, గుండెదడ కనిపిస్తే వెంటనే మూడు టీ చెంచాల చక్కెరనో, గ్లూకోజ్‌నో నీటిలో కలిపి తాగాలి. పావుగంటలో తగ్గకపోతే మళ్ళీ తాగాలి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏదీ పోయకూడదు, ఆసుపత్రికి తీసుకుపోవాలి.

అన్నింటికంటె ముఖ్యంగా, ఆకలి అయితే ఆకలి అని నోరు తెరిచి చెప్పండి. మీతో కలిసి తిరగాలని వచ్చినవారు అరగంట ముందు తినడానికి బాధపడరు.