గొలుసు, గేజి, లస్కరు

2024 ఆగస్టు 10 నాటి రాత్రి, నిండుగా నున్న తుంగభద్ర జలాశయపు 33 గేట్లలో పందొమ్మిదవదాని గొలుసు తెగి, గేటు కొట్టుకొనిపోయినదను వార్త దిగువ కాలువ వెంబడి పల్లెలకు ప్రాకినప్పుడు, కర్నూలు జిల్లా కోసిగి రైతు తలచుకొన్నది ఆ ఇనుపగేటును గాదు. ఆ యేటి పైరును, పైరు లేనియెడల ఇంటికి తాళమువైచి, పిల్లలను వెంటబెట్టుకొని గుంటూరు మిరపచేలకు సుగ్గికి, అనగా కూలివలసకు, పోవలసిన దుర్దశను.

అరువదియడుగుల వెడల్పు, ఇరువదియడుగుల యెత్తుగల ఆ ఖాళీని ఎట్లు పూడ్చిరో తలచిన నేటికిని ఒడలు పులకరించును. ఒక్కచోటనే యొత్తిడి పడకుండుటకై తక్కిన గేట్లను ఎత్తిరి; దిగువ తీరవాసులను హెచ్చరించిరి; సేద్యమునకై దాచిన నీరు కన్నులయెదుటనే నదిపాలయ్యెను. పిదప, జీవితమంతయు గేట్లతోనే గడపిన కన్నయ్యనాయుడుగారి పర్యవేక్షణలో, ఒకదానిపై నొకటిగా పేర్చు స్టాప్‌లాగులను ఉరవడిగా పారు నీటిలోనే దింప నారంభించి, 17వ తేదీకి ఆ గండిని మూసిరి.

ఇనుము, నీరు, సెన్సరు, కంప్యూటరు ఒక్కటిగా పనిచేయు ఆనకట్టలవంటి యేర్పాటులను నేడు సైబర్ భౌతిక వ్యవస్థలనుచున్నారు. వీనిపై పరిశోధనకై కేంద్రప్రభుత్వము 2018లో 3,660 కోట్ల రూపాయలతో ఒక జాతీయ మిషను నేర్పరచి, 25 కేంద్రములను నెలకొల్పినది. అందొకటి మన తిరుపతి ఐఐటీలోనే యున్నది. గొలుసు కడియములోని అలసటను కంటికి కానరాకమునుపే పసిగట్టగల సెన్సరు మనకు తప్పక కావలెను. అయినను, ఆపద నుండి తేరుకొను శక్తి సెన్సరుది మాత్రమే కాదనియు, యంత్రపు మరపును మనిషియు, మనిషి యేమరుపాటును యంత్రమును కాచుకొను అల్లికలోనే అది పుట్టుననియు నేను గట్టిగా నమ్ముచున్నాను.

ఈ యల్లికను మన కరవుసీమ యిదివరకే చూచియున్నది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, కర్నూలు, కడపలు చేరిన 7 జిల్లాలలో రైతుల యాజమాన్య భూగర్భజల పథకము నడచినప్పుడు, బడిమెట్లెక్కినవారును ఎక్కనివారును గూడ వానకొలత పాత్ర చదువ నేర్చిరి. బోరుబావిలోనికి తీగ జారవిడిచి నీటిమట్టమును తామే కొలిచి, గోడమీద వ్రాసిరి. రబీకి ముందు ఊరంతయు కూర్చుండి, భూమిలో మిగిలిన నీరెంత, వేయదలచిన పంటలు త్రాగునదెంత యని లెక్కకట్టిరి. వరి మానుమని ఆజ్ఞాపించినవాడు లేడు, జరిమానా లేదు. లెక్క తమదే గనుక ఎందరో తక్కువ నీటి పంటలకు తామే మరలిరి. పరికరము చిన్నది, దానిని చదివిన చూపు పెద్దది. పరిశోధకులు పదింబదిగా అధ్యయనము చేయవలసినది దీనినే.

కావున, సెన్సరు బిగించితిమి గదా యని కాలువగట్టున కావలియుండు లస్కరును తొలగించుట పొదుపని యెవరైన తలచినచో, అది పొదుపు గాదు, గండికి స్వాగతము. తూము వద్ద గట్టు చెమ్మగిల్లినదని లస్కరు పంపిన కబురును, నీటిమట్టము చూపు గేజి యంకెతో సమానముగా కంప్యూటరు స్వీకరింపవలెను. జలాశయమట్టము, కాలువకు వదలిన క్యూసెక్కులు, చివరి తూమునకు నీరు చేరు దినము తెలుగులో కోసిగి రైతు ఫోనునకు అందవలెను. అదియు అతడు విత్తనము కొనకమునుపే, సుగ్గికి పోవుటకు మూట గట్టకమునుపే అందవలెను.