అయిదేళ్ల లోపు బిడ్డ మాట ఎవరెత్తారు?



2024 మే 13 వోటింగుకి ముందు బందరు, గుడివాడ, అవనిగడ్డ నియోజకవర్గాల్లో మన పేటలకి రాని నాయకుడు లేడు. మన పిల్లల్ని ఎత్తుకుని ఫొటో దిగని నాయకుడూ లేడు. అమ్మ ఒడి ఇచ్చాం చూడండని ఒక పార్టీ. తల్లికి వందనం ఇస్తాం, ఇంట్లో ఎంతమంది చదివితే అంతమందికీ ఏడాదికి 15 వేలని ఇంకో కూటమి. పిల్లల్ని వరసగా నిలబెట్టి నీకు పదిహేను, నీకు పదిహేను అని లెక్కపెట్టిన ప్రచారం మీరూ చూశారు, మేమూ చూశాం. ఆరోగ్యశ్రీని 25 లక్షలకి పెంచామని వాళ్ళు, ఆరోగ్య బీమా తెస్తామని వీళ్ళు. పిల్లలూ వైద్యమే ఆ ఎన్నికల పాట.

ఈ పాట మన జిల్లాకి కొత్తది కాదు. 1983లో నిమ్మకూరు రామారావు గారు గుడివాడలో నిలబడ్డప్పుడు కిలో రెండు రూపాయల బియ్యం మాట మన గూడేలన్నిటికీ పాకింది. ఆ బియ్యం మన పిల్లల కడుపు నింపింది, కాదనం. రాజశేఖరరెడ్డి గారి కాలంలో 2005లో 108 బండి వచ్చింది, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. ఆ కార్డుతో గుండె ఆపరేషన్ చేయించుకుని బతికిన పిల్లలున్నారు. 2023లో బందరులో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. ఇవన్నీ వోటు బెదురుతో వచ్చినవే. మన వోటుకి బెదిరారంటే మన వోటుకి విలువుందనే గదా!

కానీ లెక్క చూడండి. అమ్మ ఒడి 2020 జనవరిలో మొదలైంది, తల్లికి ఒక్క బిడ్డకే. 2022కి వచ్చేసరికి బడి నిర్వహణ, మరుగుదొడ్ల పేర రెండు వేలు కోసి 13 వేలు వేశారు. ఆ కోత అన్యాయమన్నవాళ్ళు గద్దెనెక్కారు. ఏడాది తర్వాత, 2025 జూన్‌లో తల్లికి వందనం వేశారు. అందరు పిల్లలకీ వేశారు, అది మెచ్చుకోవాల్సిందే. ఎంత వేశారయ్యా అంటే, అదే 13 వేలు. పేరు మారింది, కోత మారలేదు. ఆరోగ్యశ్రీకీ అదే గతి. సర్కారు మారినప్పుడల్లా బోర్డు మీద పేరు మారుతుంది గానీ ఆస్పత్రుల బకాయిలు మారవు. బకాయిలు తీర్చలేదని ప్రైవేటు ఆస్పత్రులు 2024 మేలో ఆ ప్రభుత్వమప్పుడూ సేవలాపాయి, 2025 అక్టోబరులో ఈ ప్రభుత్వమప్పుడూ ఆపాయి.

అయితే అసలు మాట ఇది కాదు. తల్లికి వందనం బడికెళ్ళే బిడ్డకి. ఆరోగ్యశ్రీ ఆస్పత్రి మంచమెక్కిన బిడ్డకి. బడికెళ్ళే వయసు రాని, మంచమెక్కేదాకా ఎవరూ చూడని బిడ్డ మాటేమిటి? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది: ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 31 మంది వయసుకి తగ్గ ఎత్తు లేరు. నూటికి 63 మందికి రక్తం చాలదు. తెల్లారకముందే తల్లి ఆటో ఎక్కి నాట్లకో, రొయ్యల షెడ్డుకో పోతే చంటిదాన్ని ఎవరు చూస్తున్నారు? ఎనిమిదేళ్ల అక్క. ఆ అక్క బడి మానేస్తే హాజరు చాలదు, తల్లికి డబ్బు పడదు!

ఆ చంటిబిడ్డకి ఉన్న ఒకే ఒక్క సర్కారు నీడ అంగన్వాడీ. ఆ టీచర్లు, ఆయాలు 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మె చేశారు. టీచరుకి 11,500, ఆయాకి 7,000, అదీ అప్పటి జీతం. జీతం అనడానికీ లేదు, గౌరవ వేతనమట. గౌరవం ఎలా ఉందంటే 2024 జనవరిలో వాళ్ళ మీద ఎస్మా పెట్టారు. శిబిరాలకొచ్చి మేమున్నామన్నవాళ్ళు గెలిచారు. 2025 మార్చిలో ఆ ఆడవాళ్ళు మళ్ళీ విజయవాడ రోడ్డెక్కాల్సి వచ్చింది. దళిత, గిరిజన వాడలన్నిట్లో వీలైనంత త్వరగా అంగన్వాడీలు పెట్టాలని సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. మధ్యాహ్న భోజనం వండేవాళ్ళలో దళితులకి ముందు చోటివ్వాలనీ అదే ఏడు చెప్పింది. మీ ఊళ్ళో ఆ కేంద్రం మన పేటలో ఉందా, ఊరవతల రెడ్డో చౌదరో అద్దెకిచ్చిన కొట్లో ఉందా? మన బిడ్డ గుమ్మం బయట కూర్చుని తింటోందా, లోపల తింటోందా?

బాబాసాహెబ్ 1928లోనే బొంబాయి శాసనమండలిలో ప్రసూతి బిల్లు మీద లేచి మాట్లాడారు. కాన్పుకి ముందూ వెనకా తల్లికి విశ్రాంతి దేశానికే మేలు, ఆ ఖర్చులో పెద్ద భాగం సర్కారు మొయ్యాలన్నారు. 2013 ఆహార భద్రత చట్టం ప్రతి గర్భిణికీ కనీసం 6,000 రాసింది. 2017లో కేంద్రం తెచ్చిన పథకం ఇచ్చేది మొదటి కాన్పుకి 5,000. చట్టానికే కోత పెట్టారు. ఆ కోత మీద ఏ మైకులోనైనా ఒక్క ముక్క విన్నామా?

ఇక నీళ్ళు. కారంచేడులో 1985లో గొడవ మొదలైందే మన మంచినీళ్ళ చెరువు దగ్గర. దివిసీమ శివారుల్లో బోరు వేస్తే ఉప్పునీళ్ళు. కాలవ కట్టేస్తే చెరువు అడుగంటుతుంది. పైన రొయ్యల చెరువుల మురుగు, కింద మన బిందె. నీళ్ళ విరోచనాలతో బిడ్డ వాడిపోయాక కార్డు చూపించి ఏం లాభం?

ఎందుకిట్లా? మనల్ని వోటడుగుతారు గానీ అభ్యర్థి ఎవరో మనల్ని అడగరు. అమెరికాలో అధ్యక్ష పదవికి పోటీచేసే పార్టీ మనిషిని ముందు ప్రైమరీ ఎన్నికల్లో వోటర్లే తేలుస్తారు. 2008లో ఒకే పార్టీకి చెందిన ఒబామా, హిల్లరీ క్లింటన్ నెలల తరబడి వాదించుకున్నారు. బీమా అందరికీ తప్పనిసరి చెయ్యాలని ఆమె, తప్పనిసరి పిల్లల వరకే అని ఆయన. అమెరికా స్వర్గమనడం లేదు. అక్కడ ఇవాళ్టికీ నల్లజాతి తల్లులు కాన్పుల్లో చచ్చిపోయే రేటు తెల్లవాళ్ళ కంటే ఎక్కువ. కానీ టిక్కెట్టు కావాలంటే బిడ్డల వైద్యం మీద జనం ముందు నిలబడి జవాబు చెప్పాల్సొచ్చింది. మన పామర్రు రిజర్వుడు సీటే తీసుకోండి, అంతకుముందు నిడుమోలు తీసుకోండి. నిలబడేది మనవాడే, నిలబెట్టేది మనం కాదు. బీ ఫారం ఎవరింటి హాల్లో తేలుతుందో మీకు చెప్పక్కర్లేదు.

సర్పంచి ఎన్నికకి బీ ఫారం అక్కర్లేదు. అంగన్వాడీ, చెరువు ఆ ఊళ్ళోవే. కాబట్టి పంచాయతీ ఎన్నికలు వచ్చేలోపు ప్రతి పేటలో సంఘం పిల్లలు ఇల్లిల్లూ తిరిగి ఒక కాగితం రాయండి. ఆరేళ్ల లోపు బిడ్డలెంతమంది, అంగన్వాడీ తూకం పుస్తకంలో బరువు చాలనిది ఎందరికి, పాలూ గుడ్లూ నెలలో ఎన్నాళ్ళు వచ్చాయి, వేసవిలో ఎన్ని రోజులు నీళ్ళు కొన్నారు, గర్భిణుల్లో ఎందరికి డబ్బు పడింది. దాని కింద తల్లుల చేత సంతకాలు, వేలిముద్రలు వేయించండి. ఏ కులపోడైనా సరే, వోటడగడానికి వచ్చినవాడి చేత ముందు ఆ కాగితం అందరి ఎదుటా పైకి చదివించండి.