సరదా బండి వెనక పుత్రశోకం

చలికాలం వస్తే కెనడాలో కొన్ని కుటుంబాలు పిల్లలతో సహా స్నోమొబైళ్లెక్కి మంచుకొండల బాట పడతాయి. ఈ సరదా బండి వెనక ఓ తండ్రి కన్నీళ్లున్నాయి!

క్విబెక్ మెకానిక్ జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియర్ రెండేళ్ల కొడుకు 1934 చలికాలంలో జబ్బుపడ్డాడు. దారులన్నీ మంచుతో మూసుకుపోయి ఆసుపత్రికి తీసుకెళ్లలేకపోయారు. బిడ్డ దక్కలేదు. మంచుబండి కోసం అప్పటికే తంటాలు పడుతున్న ఆయన పట్టుదల రెట్టింపైంది. 1937లో పేటెంట్ సాధించారు. 1959లో చిన్నబండి ‘స్కీ-డూ’ను తెచ్చారు.

బండి ఎంత గట్టిదైనా, కొండవాలున మంచుచరియలు విరిగిపడితే కూరుకుపోయినవారిని నిమిషాల్లో బయటికి తీయాలి. అందుకే పిల్లలతో సహా అందరి ఒంటిమీదా సంకేతాలు పంపే ట్రాన్సీవర్ ఉండాలి. పెద్దల దగ్గర పార, మంచులో గుచ్చి వెతికే కడ్డీ తప్పనిసరి. ఆరేళ్లలోపు పిల్లల్ని అసలు ఎక్కించుకోవద్దనీ, పదహారేళ్లు నిండనివారికి బండి ఇవ్వొద్దనీ అమెరికా పిల్లల వైద్యుల సంఘం మాట!