గోయా బాలచిత్రము: భావనిర్ణయము

చిత్రమునందలి భావమును నిర్ణయించుటకు చిత్రమే ప్రమాణమా, చిత్రింపబడిన వ్యక్తి జీవితచరిత్రము ప్రమాణమా? స్పెయిన్ దేశపు చిత్రకారుడు ఫ్రాన్సిస్కో గోయా 1787–88 ప్రాంతమున రచించిన మాన్యుయెల్ ఒసోరియో అను బాలుని తైలవర్ణచిత్రము ఈ ప్రశ్నకు చక్కని లక్ష్యము. అది నేడు న్యూయార్కులోని మెట్రొపాలిటన్ మ్యూజియమున కలదు. అల్తమీరా ప్రభువు కుమారుడైన ఈ బాలుడు 1784లో జన్మించి, 1792లో మరణించెను. ఆ మరణము నెరిగినవారు చిత్రమున కరుణమునే చూచుట కలదు. అది సమంజసము కాదని నా అభిప్రాయము.

ఎఱ్ఱని దుస్తులతో, తెల్లని పట్టు నడికట్టుతో బాలుడు నిలిచియున్నాడు. అతని చేతిలోని దారమునకు కాకిజాతి పక్షియైన మాగ్‌పై కట్టబడియున్నది. దాని ముక్కున చిత్రకారుని పేరుగల చీటి కలదు. ఒకవైపు పంజరమున చిన్న పిట్టలు. మరియొకవైపు మాటువేసిన మూడు పిల్లులు. వానిలో నల్లనిది నీడలో దాదాపుగా కలిసిపోయినది. వెనుక గోడకును నేలకును స్పష్టమైన హద్దు లేదు. అందుచే ఎరుపు ఒక్కటే ముందునకు వచ్చును. మన దృష్టి మొదట పసిమోముపై నిలిచి, దారము వెంట పక్షికి దిగి, తుదకు పిల్లుల కన్నులను చేరును. పిల్లులు పక్షిని చూచుచున్నవి. బాలుడు చూచుట లేదు.

శోకమునకు జరిగిన నష్టము కావలయును. ఇచట నష్టమేదియు జరుగలేదు. జరుగునేమో యను శంక మాత్రమే కలదు. అదియు బాలునకు గాక చూపరికే కలదు. బాలుని ఎఱుగనితనము మనలో వాత్సల్యమును మేల్కొల్పగా, శంక దానిని పోషించుచున్నది. వత్సలరసము నంగీకరించిన విశ్వనాథుడు సాహిత్యదర్పణమున దాని సంచారిభావములలో అనిష్టశంకను పేర్కొనెను. ఈ చిత్రమునకు అంతకంటె సరియైన లక్షణము దొరకదు. దీనిని కరుణమన్నచో వాత్సల్యము వెనుకబడి, వర్ణవిన్యాసము నిష్ప్రయోజనమగును.

జీవితచరిత్రము నిరుపయోగమని చెప్పుట లేదు. చిత్రపు అడుగున బాలుని పేరు, జన్మదినము లిఖింపబడినవి. అవి చిత్రమున భాగమే. మరణదినము అచట లేదు, ఉండుటకు వీలును లేదు.

మన సాహిత్యచరిత్రలందును ఇట్టి దోషము కలదు. చాటుకథలనుండి కవిజీవితమును కూర్చి, ఆ జీవితమునుండి మరల కావ్యభావమును తీయుచున్నాము. కవి అంత్యదశ తెలిసినంతమాత్రమున కావ్యము మారదు, చదువరి మనస్సు మారును. ఆ మార్పును కావ్యధర్మముగా విద్యార్థులకు బోధించుట విమర్శకు తగదు.